ట్రాన్‌స్క్రిప్ట్‌లో మూడు డబ్ల్యూలు: డెంటల్ సీటు పోయినట్టేనా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ మూడో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి డెంటిస్టునవుతానంటుంది. మొదటి సెమిస్టర్‌లో కాల్‌క్యులస్ మధ్యలో వదిలేసింది. పోయిన స్ప్రింగ్‌లో మా మామగారు తెనాలిలో కాలం చేశారు, అందరం వెళ్లి మూడు వారాలుండి వచ్చాం. తిరిగొచ్చాక అందుకోలేక ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండూ విత్‌డ్రా చేసుకుంది. మూడింటికీ ట్రాన్‌స్క్రిప్ట్ అనే గ్రేడ్ల పత్రం మీద డబ్ల్యూ పడింది. ఇప్పుడు ఆర్గానిక్ మళ్లీ తీసుకుంటే రెండు మిడ్‌టర్మ్‌లలో 58, 64 వచ్చాయి. మళ్లీ వదిలేస్తానని ఏడుస్తోంది. మిగతా సబ్జెక్టులు బాగానే ఉన్నాయి, జీపీఏ నాలుగుకు 3.5. మా వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "మూడు డబ్ల్యూలు దాటితే డెంటల్ స్కూళ్లు అప్లికేషన్ తెరిచి కూడా చూడవు" అన్నారు. మా వారేమో కంప్యూటర్ సైన్స్‌కి మారిపొమ్మంటున్నారు. మనవైపు సప్లీ రాసి పాసైపోతే అడిగేవాళ్లుండరు కదా, ఈ డబ్ల్యూ ఏమిటో నాకు అర్థం కావట్లేదు. వదిలెయ్యమనాలా, వద్దనాలా? — ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందు ఆ వాట్సాప్ మాట తేల్చేద్దాం. ఇన్ని డబ్ల్యూలు దాటితే అప్లికేషన్ పక్కన పడేయాలన్న నియమం టెక్సస్ డెంటల్ స్కూళ్ల అప్లికేషన్ సర్వీసులో లేదు, దేశమంతటికీ ఉన్న సర్వీసులోనూ లేదు. ఎవరో ఒకరి అబ్బాయికి సీటు రాలేదు, అతని ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూలున్నాయి, ఆ రెండూ కలిపి ఎవరో ఒక సూత్రం తయారు చేశారు. నేను ఇక్కడొక యూనివర్సిటీలో పదహారేళ్లుగా మెడికల్, డెంటల్ వైపు వెళ్లే పిల్లలకు అడ్వైజర్‌గా ఉన్నాను. నాలుగు డబ్ల్యూలతో సీటు తెచ్చుకున్న అమ్మాయిని చూశాను. ఉన్న ఒక్క డబ్ల్యూ గురించి ఇంటర్వ్యూలో అడిగితే ప్రొఫెసర్‌ని తిట్టిపోసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చిన కుర్రాణ్ణీ చూశాను.

అలాగని డబ్ల్యూ అంటే ఏమీ కాదని చెప్పను. అది ఏమిటో తెలిస్తే భయం ఎంత పడాలో మీకే తెలుస్తుంది.

మీరు సప్లీతో పోల్చారు. సప్లీ అంటే తప్పి మళ్లీ రాయడం. నేనూ డిగ్రీలో ఆర్గానిక్ పేపరు రెండోసారికి గానీ గట్టెక్కలేదు, ఆ సంగతి నా పిల్లలకు ఈమధ్యే చెప్పాను. డబ్ల్యూ అది కాదు. పంక్తిలో కూర్చుని, సగం భోజనంలో విస్తరి ముందు నుంచి లేచిపోవడం లాంటిది. ఆ మనిషికి తినడం చేతకాదని ఎవరూ అనుకోరు. ఎందుకు లేచాడబ్బా అని మాత్రం నలుగురూ అనుకుంటారు.

టెక్సస్‌లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో పన్నెండో క్లాసు రోజును సెన్సస్ డే అంటారు. ఆలోపు కోర్సు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఆనవాలే ఉండదు. ఆ తర్వాత, కాలేజీ పెట్టిన చివరి తేదీలోపు వదిలితే డబ్ల్యూ పడుతుంది. ఆస్టిన్‌లోని యూటీలోనూ, టెక్సస్ ఏ అండ్ ఎంలోనూ దాన్నే క్యూ అంటారు. చివరి తేదీ కూడా దాటితే ఇక వచ్చిన గ్రేడే గ్రేడు. డబ్ల్యూకి పాయింట్లు లేవు కాబట్టి జీపీఏ పెరగదు, తగ్గదు. కానీ చెరగదు కూడా.

మీ అమ్మాయి అప్లై చేసేది రెండు దారుల్లో. హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, డాలస్, ఎల్ పాసోల్లో ఉన్న నాలుగు టెక్సస్ డెంటల్ స్కూళ్లకు టీఎండీఎస్‌ఏఎస్ అనే రాష్ట్ర సర్వీసు ఉంది. వీటిలో ఎక్కువ సీట్లు టెక్సస్ వాళ్లవే కాబట్టి మీకు ముఖ్యమైన దారి ఇదే. మిగతా రాష్ట్రాల స్కూళ్లకు ఆడ్‌సాస్ అనే జాతీయ సర్వీసు. రెండింటిలోనూ చదివిన ప్రతి కోర్సూ రాయాలి, వదిలేసినవి డబ్ల్యూ అని రాసి మరీ చూపించాలి. హైస్కూల్లో ఉండగా కాలిన్ కాలేజ్ లాంటి చోట డ్యూయల్ క్రెడిట్ (హైస్కూలుకీ కాలేజీకీ లెక్కకొచ్చే కోర్సులు) తీసుకుని ఉంటే అవి కూడా. ఫ్రిస్కో పిల్లలు సాధారణంగా మరిచిపోయేది ఈ చివరిదే. పదకొండో తరగతిలో తీసుకున్న క్లాసు ఇప్పుడెవడు అడుగుతాడులే అనుకుంటారు. దాన్ని దాచినట్టు కనబడటం డబ్ల్యూ కంటే చెడ్డపేరు.

ఇక డెంటల్ స్కూళ్ల అడ్మిషన్ కమిటీలో కూర్చున్నవాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్ ఎలా చూస్తారో చెప్తాను, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. వాళ్లు డబ్ల్యూలు లెక్కపెట్టరు. సెమిస్టర్ తర్వాత సెమిస్టర్‌గా పై నుంచి కిందికి చదువుకుంటూ వస్తారు. డబ్ల్యూ కనబడగానే చూపు రెండు చోట్లకు పోతుంది. ఒకటి, అదే సెమిస్టర్‌లో మిగతా గ్రేడ్లు. రెండోది, అదే కోర్సు తర్వాత ఎక్కడ, ఏ గ్రేడుతో మళ్లీ కనబడింది అని. వదిలేసిన కోర్సు తర్వాతి సెమిస్టర్‌లో 'ఏ' గానీ 'బి' గానీ గ్రేడుతో కనిపిస్తే ఆ డబ్ల్యూ అక్కడితో సరి. కనిపించకపోయినా, మళ్లీ డబ్ల్యూగానే కనిపించినా అప్పుడు పెన్ను తీస్తారు.

నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చేవాడు. ఐదు డబ్ల్యూలు, సెమిస్టర్‌కొకటి చొప్పున. తేదీలు చూస్తే ప్రతిదీ రెండో మిడ్‌టర్మ్ మార్కులు వచ్చిన వారంలోనే. వాడి జీపీఏ 3.8. కష్టమైన చోటల్లా లేచిపోయి కాపాడుకున్న 3.8 అది. డెంటల్ స్కూల్లో అనాటమీ కష్టంగా ఉందని మధ్యలో వదిలేసే సౌకర్యం ఉండదు. క్లాసంతా ఒకే బండిలా కలిసి నడవాలి, ఒకటి వదిలితే సంవత్సరమే వెనకబడుతుంది. వాడి 3.8ని కమిటీ ఎందుకు నమ్మలేదో నాకు అర్థమైంది, వాడికి అర్థం కావడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

ఈ కళ్లతో మీ అమ్మాయివి చూద్దాం. కాల్‌క్యులస్ గురించి బెంగ వద్దు. కాలేజీలో మొట్టమొదటి సెమిస్టర్, పెద్దగా సంబంధం లేని సబ్జెక్టు. చాలా డెంటల్ స్కూళ్లకు కాల్‌క్యులస్ తప్పనిసరి కాదు, స్టాటిస్టిక్స్ అడిగేవి ఉన్నాయి, అదొకటి తీసుకుంటే సరిపోతుంది. దీనికి వివరణ కూడా రాయొద్దనే అంటాను. అడగనిదానికి జవాబు చెబితే లేని అనుమానం పుడుతుంది.

స్ప్రింగ్‌లోని రెండూ ఒకే సెమిస్టర్‌లో, ఒకే కారణంతో పడ్డాయి. చదివేవాళ్లకు అది రెండు డబ్ల్యూలుగా కాదు, ఒక సంఘటనగా కనబడుతుంది. ల్యాబులున్న రెండు సైన్స్ కోర్సులు వదిలి మిగతావి నిలబెట్టుకుంది. పెద్దాయన పోయిన ఇంటి పిల్ల చేసిన తెలివైన పనే అది. మూడు వారాల ల్యాబులు పోయాక మొండిగా కూర్చుని డి తెచ్చుకుని ఉంటే ఈ ఉత్తరం మీరు ఇంకా బరువుగా రాసేవారు.

కాబట్టి ఇప్పటిదాకా ఉన్న మూడింటితో నాకు పేచీ లేదు. నన్ను ఆలోచింపజేస్తున్నది నాలుగోది. అది నాలుగోది కావడం వల్ల కాదు, అదే ఆర్గానిక్‌లో వరుసగా రెండోది కావడం వల్ల. మొదటి డబ్ల్యూకి కారణం తెనాలి. రెండోదానికి కారణం ఆర్గానిక్ అవుతుంది. అప్పుడు మొదటిదాని మీద కూడా అనుమానం పడుతుంది.

అయితే ఎలాగైనా సరే కూర్చోమంటానా? ఆ మాట లెక్క వేయకుండా చెప్పకూడదు. అమ్మాయి చేత సిలబస్ కాగితం తీయించండి, గ్రేడింగ్ ఎలాగో మొదటి పేజీల్లోనే ఉంటుంది. మాటకి, మూడు మిడ్‌టర్మ్‌లు 20 శాతం చొప్పున, ఫైనల్ 30 శాతం, హోంవర్క్ 10 శాతం అనుకుందాం. 58, 64 వల్ల ఇప్పటికి చేతిలో ఉన్నది 24.4. హోంవర్క్‌లో 95 తెచ్చుకుంటే ఇంకో 9.5. మొత్తం 33.9. ఇంకా 50 శాతం ఆట మిగిలే ఉంది. 80కి బి అనుకుంటే మిగతా రెండు పరీక్షల్లో సగటున 92 రావాలి. 58 నుంచి 64కి వచ్చిన పిల్ల ఒక్కసారిగా 92కి పోతుందని నేను ఆశ పెట్టను. కానీ 70కి సి అనుకుంటే 72 వస్తే చాలు. అది కొండ కాదు. పైగా ఆర్గానిక్‌లో క్లాసు సగటే 60 దగ్గర ఉండి, ప్రొఫెసర్ చివర్లో కర్వ్ చేయడం, అంటే క్లాసు సగటును బట్టి గ్రేడ్లు సర్దడం, మామూలే. అదే జరిగితే ఈ 64 అనేది అసలు 64 కాదు. ఇది తేల్చగలిగింది మీరూ నేనూ కాదు, ఆ ప్రొఫెసర్ ఒక్కరే. "నేనిప్పుడు క్లాసులో ఎక్కడున్నాను, పోయినసారి ఇదే చోట ఉన్నవాళ్లకు చివరికి ఏ గ్రేడు వచ్చింది?" అని అడగమనండి. సూటిగా అడిగితే చాలామంది సూటిగానే చెప్తారు.

గ్రేడు వల్ల జీపీఏ ఏమవుతుందో కూడా చూడండి. ఇప్పటికి 50 క్రెడిట్లకు 3.5 ఉందనుకోండి. ఈ మూడు క్రెడిట్ల కోర్సులో సి వస్తే 3.42 దగ్గర ఆగుతుంది. ఎఫ్ వస్తే 3.30. డబ్ల్యూ పెట్టి తర్వాత 'ఏ' గ్రేడు తెచ్చుకుంటే 3.53. సైన్స్ జీపీఏ విడిగా లెక్కేస్తారు, దాంట్లో క్రెడిట్లు తక్కువ కాబట్టి ఊపు ఎక్కువ. 24 సైన్స్ క్రెడిట్లకు 3.4 ఉంటే, సి వల్ల 3.24 అవుతుంది, ఎఫ్ వల్ల 3.02కి జారుతుంది. డెంటల్ స్కూళ్లలో చేరుతున్నవాళ్ల సగటు జీపీఏ 3.6 చుట్టూ ఉంటుందని గుర్తు పెట్టుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది.

ఇక్కడ పిల్లలు ఒక మాటకి మోసపోతారు. "మా యూనివర్సిటీలో గ్రేడ్ రీప్లేస్‌మెంట్ ఉంది, ఎఫ్ వచ్చినా మళ్లీ చదివితే పాతది పోతుంది" అంటారు. యూనివర్సిటీ లెక్కలో పోతుంది. టీఎండీఎస్‌ఏఎస్, ఆడ్‌సాస్ లెక్కల్లో పోదు, రెండు ప్రయత్నాల గ్రేడ్లూ కలిపే లెక్కేస్తారు. పై ఉదాహరణలోనే ఎఫ్ తర్వాత 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా 3.34 దాటదు. అందుకే ఎఫ్ కంటే డబ్ల్యూ వెయ్యి రెట్లు నయం. సి కంటే డబ్ల్యూ నయమా అన్నది మాత్రం వేరే ప్రశ్న. (టీఎండీఎస్‌ఏఎస్‌లో ప్లస్, మైనస్‌లు లెక్కలోకి రావు, బి మైనస్ అయినా బియే. ఆడ్‌సాస్‌లో వస్తాయి. చిన్న విషయమే గానీ అంచున ఉన్నవాళ్లకు పనికొస్తుంది.)

నా తీర్పు ఇది. ప్రొఫెసర్‌తో మాట్లాడాక సి ఖాయం, బి మీద కొంచెం ఆశ ఉంది అని తేలితే కూర్చోమనండి. సి గ్రేడుంటే చాలా డెంటల్ స్కూళ్లు ప్రీరిక్విజిట్ (చేరే ముందే చదివి ఉండాల్సిన కోర్సు) పూర్తయినట్టే తీసుకుంటాయి. వచ్చే స్ప్రింగ్‌లో ఆర్గానిక్ రెండో భాగంలో బి తెచ్చుకుంటే, పై నుంచి కిందికి చదివేవాళ్లకు డబ్ల్యూ, సి, బి అని కనబడుతుంది. ఆ మెట్లు పైకే పోతున్నాయి. అదే డి వచ్చే ప్రమాదం నిజంగా ఉందని తేలితే, చివరి తేదీ లోపల వదిలెయ్యమనండి, మరో మాట లేదు. డి దాదాపు ఎక్కడా ప్రీరిక్విజిట్‌గా పనికిరాదు, జీపీఏనీ తింటుంది, కోర్సు మళ్లీ ఎలాగూ చదవాలి. అప్పుడు వరుసగా రెండు డబ్ల్యూలున్నా, మూడోసారి మంచి గ్రేడు తెచ్చుకుంటే కథ ఇంకా మన చేతుల్లోనే ఉంటుంది. నాలుగోసారికి మాత్రం ఎవరూ వినరు.

డబ్ల్యూకి అసలు ఖర్చు అప్లికేషన్‌లో కాదు, క్యాలెండర్‌లో కనబడుతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆర్గానిక్ ఒకటి అయితేగానీ రెండు తీసుకోలేరు, చాలాచోట్ల అది అయితేగానీ బయోకెమిస్ట్రీ రాదు. ఇప్పుడు వదిలితే ఈ గొలుసంతా ఒక సెమిస్టర్ వెనక్కి పోతుంది. దానితోపాటు డెంటల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష డీఏటీ కూడా. అందులో సైన్స్ భాగం వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. 40 బయాలజీ, 30 జనరల్ కెమిస్ట్రీ, 30 ఆర్గానిక్. ఆర్గానిక్ రెండు భాగాలూ చదవకుండా ఆ 30 ప్రశ్నల ముందు కూర్చోవడం దండగ. మరోవైపు, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆర్గానిక్ దగ్గర తడబాటున్న పిల్లకు ఆ 30 ప్రశ్నలే పెద్ద అవకాశం. అక్కడ స్కోరు బాగుంటే సబ్జెక్టు రాక వదిలిందన్న మాట నిలవదు. స్కోర్ల గురించి ఒక హెచ్చరిక: 2025 మార్చి నుంచి డీఏటీ స్కోరు 200 నుంచి 600 మధ్య ఇస్తున్నారు. పాతది 1 నుంచి 30. మీ స్నేహితుల పిల్లలెవరో "నాకు 22 వచ్చింది" అన్నది వేరే కొలత, దాన్ని పట్టుకుని అమ్మాయిని పోల్చకండి.

టీఎండీఎస్‌ఏఎస్, ఆడ్‌సాస్ రెండూ మే నెలలో తెరుచుకుంటాయి. ముందుగా వేసినవాళ్లకు ఇంటర్వ్యూ అవకాశాలు మెరుగు. ఇప్పుడు వదిలితే వచ్చే మే నాటికి మీ అమ్మాయికి ఆర్గానిక్ మొదటి భాగం మాత్రమే అయి ఉంటుంది. కాబట్టి ఆ పై ఏడాది మేలో అప్లై చెయ్యడం, డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఖాళీ రావడం జరుగుతుంది. మనవాళ్లకు గ్యాప్ ఇయర్ అనగానే గుండె గుభేలుమంటుంది. అదేమిటో, గుంటూరులోనో విజయవాడలోనో లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి ఏడాదిపాటు హాస్టల్లో పెట్టి చదివించినప్పుడు మాత్రం మనకేమీ అనిపించేది కాదు. ఇదీ అంతే, హాస్టల్ ఫీజు లేదు, పైగా జీతం వస్తుంది. ఆ ఏడాది డెంటల్ ఆఫీసులో అసిస్టెంట్‌గా చేరితే కుర్చీ పక్కన నిలబడి పని చూస్తుంది. టెక్సస్‌లో ఎక్స్‌రేలు తీయాలంటే రిజిస్టర్డ్ డెంటల్ అసిస్టెంట్ సర్టిఫికెట్ ఉండాలి, అది ముందే చేసుకుంటే పని దొరకడం తేలిక.

టెక్సస్ గవర్నమెంటు కాలేజీల్లో చదివేవాళ్లకు ఇంకో చిక్కుంది. 2007 ఫాల్ తర్వాత చేరినవాళ్లు డిగ్రీ మొత్తంలో ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయకూడదని రాష్ట్ర చట్టం ఉంది. సెన్సస్ డే తర్వాత వదిలినవన్నీ దీని కింద లెక్క. మీ అమ్మాయివి మూడయ్యాయి. అయితే అనారోగ్యం, ఇంట్లో దగ్గరివాళ్ల మరణం లాంటి గట్టి కారణాలకు మినహాయింపు ఉంది. మామగారి మరణ ధ్రువీకరణ పత్రం, విమానం టికెట్ల కాపీలు పట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, స్ప్రింగ్‌లోని రెండూ ఈ ఆరులోంచి తీసేశారో లేదో కనుక్కోమనండి. తీసేస్తే లెక్క ఒకటికి దిగుతుంది. ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ అలాగే ఉంటుంది గానీ, రేపు నిజంగా అవసరం పడితే చేతులు కట్టేసినట్టుండదు. స్కాలర్‌షిప్‌గానీ ఫెడరల్ ఎయిడ్‌గానీ ఉంటే ఆ ఆఫీసులోనూ అడగాలి. వదిలేసిన కోర్సు కూడా వాళ్ల లెక్కలో తీసుకున్న కోర్సే. మీరు వీసా గురించి రాయలేదు. ఒకవేళ అమ్మాయి ఎఫ్-1 మీద ఉంటే, 12 క్రెడిట్ల కిందికి దిగే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తప్పనిసరి. ముందు వదిలేసి తర్వాత చెప్పడం కుదరదు.

వివరణ ఎలా రాయాలన్నది ఇప్పుడే ఆలోచించక్కర్లేదు, అయినా చెప్పేస్తాను. టీఎండీఎస్‌ఏఎస్‌లో ఒక ఐచ్ఛిక వ్యాసం ఉంటుంది, దానికి అది సరైన చోటు. అక్కడ పిల్లలు తాతగారి పెంపకం, ఆయన చేతి ముద్దలు, విమానంలో కార్చిన కన్నీళ్లు అన్నీ రాసేస్తారు. ఆ ప్రేమ నిజమే, నేను కాదనను. కానీ చదివేవాళ్లు వెతికేది నాలుగు వాక్యాలు. "మార్చిలో తాతగారు చనిపోవడంతో కుటుంబంతో ఇండియా వెళ్లాను, మూడు వారాల క్లాసులు, ల్యాబులు పోయాయి. తిరిగి చేసే వీలు లేనివి రెండు కోర్సులు వదులుకుని మిగతావి పూర్తి చేశాను. తర్వాత సెమిస్టర్‌లో ఆర్గానిక్ మళ్లీ తీసుకున్నాను. మొదట్లో తడబడ్డాను, చదివే పద్ధతి మార్చుకున్నాను, ఫలితం ఇది." ఈ చివరి వాక్యంలో చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, మిగతా మూడూ దాని కోసమే. దీన్ని పర్సనల్ స్టేట్‌మెంట్‌లో దూర్చొద్దు. అది దంతవైద్యం ఎందుకో చెప్పే చోటు. ఇంటర్వ్యూలో అడిగినా ఇంతే, ఇరవై సెకన్లలో చెప్పి ఊరుకోవాలి.

చదివే పద్ధతి అన్నాను కాబట్టి ఒక మాట. మన ఇళ్లలో పెరిగిన పిల్లలు ఆర్గానిక్‌ని చాలాసార్లు బయాలజీలాగే చదువుతారు. రియాక్షన్లన్నీ ఫ్లాష్‌కార్డుల మీద రాసుకుని బట్టీ కొడతారు. మొదటి మిడ్‌టర్మ్‌లో పేర్లు పెట్టడం లాంటివి ఉంటాయి కాబట్టి కొంత నడుస్తుంది. ఎస్ఎన్1, ఎస్ఎన్2 అనే రియాక్షన్ రకాలు వచ్చేసరికి అదే రియాక్షన్‌ని కొంచెం మార్చి అడిగితే కార్డులో లేదే అని ఆగిపోతారు. నేను పిల్లల చేత పరీక్ష పేపరు తెప్పించుకుని, మార్కులు పోయిన చోటల్లా పక్కన ఒక అక్షరం వేయిస్తాను. రానిది, వచ్చినా తొందరలో పోయినది, ఎలక్ట్రాన్ల కదలిక చూపే బాణం తప్పుగా గీసినది అని మూడు రకాలు. ఎలక్ట్రాన్లు ఉన్న చోటి నుంచి లేని చోటికి బాణం గీయాలి. సగం పేపర్లలో అది తిరగబడి ఉంటుంది. ఒక అమ్మాయి రెండో మిడ్‌టర్మ్‌లో పోగొట్టుకున్న 38 మార్కుల్లో 21 ఆ బాణాల దగ్గరే. తనకు కెమిస్ట్రీ రాదనుకుని నా గదిలో కూర్చుని ఏడ్చింది. తనకు రానిది బాణం గీయడం.

పైగా ఆఫీస్ అవర్స్‌కి, అంటే పిల్లల సందేహాల కోసం ప్రొఫెసర్ తన గదిలో ఉండే వేళలకి, వారం వారం వెళ్లిన పిల్లను ప్రొఫెసర్లు గుర్తు పెట్టుకుంటారు. రికమండేషన్ లెటర్లు సైన్స్ ప్రొఫెసర్ల నుంచే అడుగుతారు. 64 నుంచి ఎలా లేచిందో దగ్గరుండి చూసినాయన రాసిన లెటరు, సులువుగా 'ఏ' గ్రేడు ఇచ్చిన క్లాసు నుంచి వచ్చిన లెటరు కంటే బలంగా ఉంటుంది.

మీ బంధువుల్లో ఇండియాలో బీడీఎస్ చేసి ఇక్కడికొచ్చి డెంటిస్టులైనవాళ్లుంటే వాళ్ల సలహా ప్రేమగా వినండి, పాటించే ముందు మాత్రం ఆగండి. వాళ్లది కాపిడ్ దారి, అంటే విదేశాల్లో డెంటల్ డిగ్రీ చేసినవాళ్ల అప్లికేషన్ సర్వీసు; నేరుగా అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌లో (కోర్సు మధ్య నుంచి) చేరతారు. ఇక్కడి డిగ్రీలోని డబ్ల్యూ, ప్రీరిక్విజిట్, డీఏటీ వాళ్లు దాటిన మెట్లు కావు.

మీవారి కంప్యూటర్ సైన్స్ సంగతి. అక్కడా డేటా స్ట్రక్చర్స్ అని ఒక కోర్సుంది, అక్కడా రెండో మిడ్‌టర్మ్ ఉంటుంది, అక్కడా డబ్ల్యూలు పడతాయి. ఇష్టం ఉండి మారితే సంతోషం. ఆర్గానిక్ నుంచి పారిపోవడానికి మారితే మూడో సంవత్సరంలో మళ్లీ మొదటి సంవత్సరం కోర్సులతో మొదలెట్టాలి. ఈ విషయం ఆయనకు ఈ సెమిస్టర్ గ్రేడ్లు వచ్చేదాకా వాయిదా వెయ్యమని నా మాటగా చెప్పండి.

ముందు విత్‌డ్రా చివరి తేదీ ఎప్పుడో యూనివర్సిటీ క్యాలెండర్‌లో చూసి ఫ్రిజ్ మీద రాసి పెట్టండి. ఈ వారాంతం అమ్మాయి ఇంటికొస్తే జీపీఏ మాట ఎత్తకండి, ఆ రెండు మిడ్‌టర్మ్ పేపర్లూ డైనింగ్ టేబుల్ మీద పెట్టించి ఒక్కో ప్రశ్న దగ్గర మార్కులెందుకు పోయాయో మీకు చెప్పమనండి. మీకు కెమిస్ట్రీ రాకపోతే ఇంకా మంచిది, అర్థమయ్యేలా చెప్పాలి కదా. పక్కన ఆ మూడు రకాల అక్షరాలూ వేయించండి. సోమవారం ఆ పేపర్లూ, సిలబస్ కాగితం పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్లమనండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.